చివరి నీళ్ళు

చదివేవారికి ముందుగా ఒక మనవి. నాకు అక్షరాలు ముసలితనం గుమ్మంలో వచ్చాయి. ఒత్తులు ఎక్కడ పడాలో ఇప్పటికీ తడుముకుంటాను. ఎక్కడైనా తప్పు దొర్లితే మీరే సరిచేసుకుని చదవండి. ఒక్క పేజీకి నాకు ఒక పూట పడుతుంది. అందుకని కథ అక్కడక్కడా కూర్చుని లేచినట్టుంటే కోప్పడకండి. ఇందులో చెప్పిన గుడ్డను ఇంతవరకూ ఎవరూ నేయలేదు. నేస్తే ఏమవుతుందో అని ఆలోచించి రాశాను.

*

తులశమ్మ ఆ గుడ్డను చెంపకు ఆనించుకుంటే తన వేడి తనకే తగిలింది.

రెండు మూడు రోజులపాటు దాన్ని రవికె లోపల గుండెకు చుట్టుకుని తిరిగింది. మగ్గం మీద కూర్చున్నా, పొయ్యి దగ్గర నిలబడ్డా విప్పలేదు. ఆ తర్వాత నళిని దాన్ని తీసుకుని మధ్యాహ్నమంతా ఎండలో పరిచింది. సందెవేళ తెచ్చి వంటింటి పీట మీద పెట్టి, "ఇప్పుడు చూడండి పిన్నీ" అంది. గుడ్డ వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం ఒక్క తీరుగా లేదు. పెరుగుతోంది, తగ్గుతోంది, మళ్ళీ పెరుగుతోంది. నిద్రపోతున్న మనిషి రొమ్ము మీద తల వాల్చితే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది.

"ఏందమ్మాయ్ ఇది, ఊపిరి పీలుస్తంది!"

"మీ ఊపిరే పిన్నీ. ఇన్నాళ్ళూ మీ దగ్గరే గదా చదువుకుంది."

గుమ్మంలో నిలబడ్డ బసవయ్య తల ఊపాడు. "ఇన్నేళ్ళ కాపరంలో నాకు వంటబట్టని చదువు దానికి మూణ్ణాళ్ళకే వచ్చిందే."

"నువ్వు పక్కమీద పడగానే గురక పెట్టే చదువు చదివావులే" అంది తులశమ్మ. అన్నదే గాని గుడ్డను చెంప మీదినుంచి తీయలేదు.

చీరాలకు అవతల, సముద్రపు గాలి తగిలే రామచిలకపేటలో ఉన్నవన్నీ నేతగాళ్ళ ఇళ్ళే. బసవయ్య ఆ పేటలో రంగులవాడు. నూలుకు అతను పట్టించిన నీలం, చీర చిరిగేదాకా వెలవదని పేరు. నళిని హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో రసాయనాల మీద పనిచేసేది. పాతకాలపు రంగుల గురించి తెలుసుకోవడానికని వచ్చి, బసవయ్య రంగుల పాకలో ఒక మూల గాజు సీసాలు సర్దుకుని, వాళ్ళను బాబాయ్, పిన్నీ అని వరస కలిపి పిలుస్తూ నెలకు సగం రోజులు అక్కడే ఉండిపోయేది.

ఆమె తెచ్చింది ఒక ఉప్పు. చూడ్డానికి మామూలు ఉప్పే. ఒంటి వేడి తగిలితే నూలు లోపల కరిగి ఆ వేడిని దాచుకుంటుంది. మళ్ళీ గడ్డకడుతూ, దాచుకున్నదాన్ని వదులుతుంది. ఎప్పుడు ఎంత వదలాలో, దాన్ని కట్టుకున్న మనిషి దగ్గరే నేర్చుకుంటుంది. అదే అందులోని వింత. అయితే పరిశోధనశాలలో ఆ ఉప్పు గుడ్డకు ఎంతకీ పట్టలేదు. పట్టినా నాలుగు ఉతుకులకు మతి తప్పేది. దాన్ని నూలుకు పట్టించి, నిలబెట్టినవాడు బసవయ్య.

అంత పట్టుదల అతనికి ఎందుకు వచ్చిందో తులశమ్మకు తెలుసు. పెళ్ళయిన కొత్తలో వాళ్ళకో కొడుకు పుట్టాడు. ఏడో నెలలోనే పుట్టాడు. పుష్యమాసం. కరెంటు లేదు, ఆసుపత్రికి దారి లేదు. ఇద్దరూ వంతులవారీగా ఒళ్ళో పెట్టుకున్నారు. పిల్లవాడి పాదాలు ముందు చల్లబడ్డాయి. ఆ తర్వాత వాళ్ళకు పిల్లలు కలగలేదు.

నెలలు నిండని పిల్లలను తల్లి రొమ్ముకు ఆనించి ఉంచితే బతుకుతారని డాక్టర్లు చెబుతారు. తల్లి రోజంతా అట్లా ఉండగలదా? మళ్ళీ పనికి పోవాలి, తనూ నిద్రపోవాలి. తల్లి కట్టుకున్న గుడ్డే తల్లిలాగా వెచ్చగా ఉంటే? కరెంటు అక్కర్లేదు, మిషను అక్కర్లేదు. పట్నంలో ఒక ఆసుపత్రివాళ్ళు కొన్ని గుడ్డలు తీసుకుని పిల్లలకు చుట్టి చూశారు. పిల్లలు నిలిచారు.

"దీనికి పేరేం పెడదాం?" అని నళిని అడిగితే, "ఒడిగుడ్డ" అంది తులశమ్మ. ఆలోచించకుండానే అంది.

*

పేటెంటు మాట మొదట వచ్చింది భోజనాల దగ్గర.

"బాబాయ్, ఈ పద్ధతి మీదీ నాదీ. ఇద్దరి పేర్ల మీదా దరఖాస్తు పెట్టాలి. ఆలస్యం చేస్తే ఎవడో ఒకడు తయారుచేసి, మనల్నే చెయ్యొద్దంటాడు" అంది నళిని.

"పెట్టు. నేనొద్దన్నానా?"

"పద్ధతికి పేటెంటు. 'ఒడిగుడ్డ' అన్న పేరుకి ట్రేడ్‌మార్కు. అంచు మీద మీరు వేసిన ఊయల బొమ్మకి డిజైను. మూడూ వేరు వేరుగా చేయించుకోవాలి."

"ఒక్క గుడ్డకి ఇన్ని తాళాలా?" అంది తులశమ్మ పులుసు వడ్డిస్తూ.

"తలుపులు వేరు గదా పిన్నీ. పేరు దొంగిలించేవాడు ఒక తలుపులోంచి వస్తాడు, పని దొంగిలించేవాడు ఇంకో తలుపులోంచి."

"సరే, ఏం రాయాలో అడుగు. చెబుతా" అన్నాడు బసవయ్య.

"మొదటినుంచి చివరిదాకా అంతా రాయాలి బాబాయ్. ఒక్క మెలిక దాచినా చెల్లదు. అంతా విప్పి చెబితేనే, 'ఇన్నేళ్ళు ఇది నీదే' అని సర్కారు కాపలా కాస్తుంది. బేరం అదీ."

బసవయ్య చేతిలో ముద్ద ఆగిపోయింది. "చివరి నీళ్ళు కూడానా?"

ఈ మాట ఆ పేటలో పుట్టినవాళ్ళకు విడమరచి చెప్పక్కర్లేదు. రంగుల ఇళ్ళవాళ్ళు ఏ పనైనా అందరిముందూ చేస్తారు. ఏ ఆకు, ఏ బెరడు, ఎంతసేపు మరగాలి, అడిగినవాడికల్లా చెబుతారు. ఆఖరున నూలును ముంచే నీళ్ళు మాత్రం ఒక్కో ఇంటివి ఒక్కో రకం. ఒకరు పటిక వేస్తారు, ఒకరు సున్నపు తేట, ఒకరు ఏ పుల్లటి కాయో పిసుకుతారు. అది తండ్రి కొడుక్కి చెబుతాడు, అదీ మంచాన పడ్డాక. ఎవరూ అడగరు. అడగడం తప్పు. ఏ ఇంటి నీళ్ళయినా రంగు ఎంతో కొంత నిలుస్తుంది గనుక, ఆ ఆచారం వల్ల ఎవరికీ నష్టం రాలేదు.

"మా నాయన నా చెయ్యి పట్టుకుని ఒట్టు వేయించుకున్నాడు. కొడుక్కి తప్ప చెప్పొద్దన్నాడు" అన్నాడు బసవయ్య.

కొడుకన్న మాట వచ్చాక నళిని కంచం తీసుకుని లేచింది. దరఖాస్తు అక్కడే ఆగింది.

*

చౌడమ్మ తల్లి ఊరేగింపు ఆ పేటలో పెద్ద పండగ. అమ్మవారి పల్లకి రంగుల పాకల ముందు ఆగుతుంది. ఆ ఏడు ఎవరైనా కొత్త పని కనిపెడితే తల్లి ఎదుట నిలబడి పైకి చెప్పాలి. చెప్పినదాన్ని పేటలో ఎవరైనా చేసుకోవచ్చు. ఒకడి మగ్గం ఆడి, పక్కవాడి మగ్గం ఆగిపోకూడదని పెద్దలు పెట్టిన కట్టడి అది.

పల్లకి తన పాక ముందు ఆగగానే బసవయ్య కండువా నడుముకు చుట్టి చెప్పడం మొదలుపెట్టాడు. ఉప్పు ఏదో, ఎక్కడ దొరుకుతుందో, నూలును ఎన్నిసార్లు ఉడికించాలో, ఏ నీడన ఆరబెట్టాలో, అన్నీ చెప్పాడు. పేటంతా చెవులొగ్గి విన్నది. ఎవరో ఫోనులో పట్టుకున్నారు కూడా.

"ఆఖరున ఎవరి నీళ్ళు వాళ్ళవి" అని ముగించాడు.

"అది మాకూ తెలుసులేరా" అన్నాడు సాంబశివుడు. అందరూ నవ్వారు. సాంబశివుడిదీ రంగుల ఇల్లే, బసవయ్య పాకకు ఆనుకునే అతని పాక. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే తొట్టిలో కాళ్ళు నీలం చేసుకుని దెబ్బలు తిన్నవాళ్ళు.

మర్నాడు నళిని రైలు దిగి వచ్చి, సంగతి విని, పాక మెట్టు మీద కూలబడింది.

"బాబాయ్, బయట చెప్పొద్దని ఎన్నిసార్లు చెప్పాను? పదిమందిలో చెప్పేసినదాన్ని చట్టం ఇక కొత్తదనదు. మనమే చెప్పుకున్నా అంతే."

"అమ్మవారి ముందు దాచమంటావా?"

"చివరి నీళ్ళు దాచారు గదా."

"అది దాచడం కాదమ్మా. అది ఆచారం."

"ఇప్పుడు చట్టం కాపాడగలిగేది ఆ ఆచారం ఒక్కటే మిగిలింది" అంది నళిని.

*

మార్గశిరం వచ్చేసరికి పేటలో నాలుగైదు ఇళ్ళలో ఒడిగుడ్డలు తయారవుతున్నాయి. పేరు అదే, అంచు మీద ఊయల బొమ్మ కూడా అదే. వాళ్ళను తప్పుపట్టేందుకు ఏమీ లేదు. తల్లి ఎదుట చెప్పినదాన్నే చేసుకున్నారు. సాంబశివుడి గుడ్డలు బాగా పోతున్నాయని విని బసవయ్య సంతోషించాడు కూడా.

ఆ రోజుల్లోనే సాంబశివుడి కోడలు సులోచనకు నెల ముందే కాన్పు అయింది. ఆడపిల్ల. పిడికెడు పిల్ల. ఆసుపత్రిలో కొన్నాళ్ళు ఉంచి ఇంటికి పంపారు. ఇంకా పేరు పెట్టలేదు. సాంబశివుడు తన చేత్తో పట్టించిన నూలుతో, తన మగ్గం మీద, మనవరాలికి ఒడిగుడ్డ నేశాడు. సులోచన దాన్ని కట్టుకుని, దానికి తన ఊపిరి నేర్పి, పిల్లకు చుట్టింది.

అదే వారం పట్నం ఆసుపత్రి నుంచి నళిని చేతికి ఒక గుడ్డ వచ్చింది. పేటలోనే వేరెవరో అమ్మినది. పిల్లకు చుడితే పిల్ల చల్లబడుతోందని నర్సు కనిపెట్టి తీసేసిందట. నళిని దాన్నీ, బసవయ్య గుడ్డనూ పక్కపక్కన పెట్టి, ఉతికి, ఆరబెట్టి, మళ్ళీ ఉతికి చూసింది. మొదట రెండూ ఒకలాగే ఉన్నాయి. ఉతుకులు పడేకొద్దీ రెండోది మారిపోయింది. దాని కింద గోరువెచ్చని నీళ్ళ సీసా పెడితే, నీళ్ళు గబగబా చల్లారాయి. గుడ్డ మాత్రం వేడెక్కలేదు.

బసవయ్యనూ తులశమ్మనూ పిలిచి ఆ సీసాను ముట్టుకోమంది.

"ఉప్పు కరుగుతోంది, వేడి తీసుకుంటోంది. మళ్ళీ గడ్డకట్టడం మాత్రం మరిచిపోయింది. తీసుకున్నదంతా లోపలే పెట్టుకుని కూర్చుంది. తిరిగి ఇవ్వదు. మీ గుడ్డలో ఏదో ఉంది, దానికి గడ్డకట్టడం గుర్తుచేసేది. ఉతికినా పోనిది. వాళ్ళ పటికా, సున్నమూ నాలుగు ఉతుకులకు పోతున్నాయి. బాబాయ్, ఇప్పుడు చెప్పండి."

బసవయ్య సీసా మీదినుంచి చెయ్యి తీయలేదు. "తరవాణి" అన్నాడు.

తులశమ్మకు అది కొత్త కాదు. అన్నం గంజి పోసి పులియబెట్టే కుండ వంటింటి మూల ఉంటుంది. ఉడికిన నూలు పొయ్యి మీదినుంచి దింపిన రోజున అతను చెంబుతో ఆ తేట ముంచుకుపోతాడు. అత్తగారి కాలం నుంచీ చూస్తూనే ఉంది. అదే ఆ ఇంటి చివరి నీళ్ళని అనుకుంది గాని, ఎప్పుడూ పైకి అనలేదు.

నళిని ముఖం వికసించి, వెంటనే మబ్బు పట్టింది. "పులుపులో పెరిగే జీవమేదో నూలులో గూడు కట్టుకుంటోంది. ఇది ఎవరికీ తెలియదు. ఇది కొత్తది. దీనికి పేటెంటు వస్తుంది. వస్తే ఎవడు ఒడిగుడ్డ చేసినా మన ముందుకు రావాలి, సరిగ్గా చెయ్యాలి. తప్పుడు గుడ్డలను ఆపొచ్చు. దరఖాస్తు పడేదాకా మాత్రం ఈ ముక్క పాక దాటకూడదు. మా డైరెక్టరు సంతకం కావాలి, ఆయన ఊళ్ళో లేరు. సోమవారం వస్తారు. సోమవారం దాకా ఆగండి."

"సాంబయ్య అన్న మనవరాలు ఆ గుడ్డలోనే ఉంది" అంది తులశమ్మ.

"ఆ గుడ్డ వాడొద్దని చెప్పండి పిన్నీ. ఎందుకో మాత్రం చెప్పొద్దు. సోమవారం నేనే వచ్చి అందరికీ చెబుతాను."

బసవయ్య భార్య వంక చూశాడు. "ఈ ఒక్కటి నాకోసం ఆపవే. ఇప్పటికే నాయన మాట తప్పాను."

*

తులశమ్మ తన ఇంటి గుడ్డ ఒకటి మడత పెట్టుకుని పక్కింటికి వెళ్ళింది. సులోచన లోపల పిల్లకు పాలు పడుతోంది. సాంబశివుడి భార్య తాయారమ్మ వాకిట్లో చిక్కుళ్ళు ఈనెలు తీస్తోంది.

"రా వదినా. ఏంది, చంకలో మూట?"

"పిల్లకి తెచ్చా. ఇది కట్టండి. మీ గుడ్డ తీసేయండి వదినా. అది ఉతికే కొద్దీ చలువ చేస్తంది."

తాయారమ్మ చేతిలోని కాయ చేటలో పడేసింది. "మా గుడ్డ నాలుగిళ్ళకి పోయేసరికి మీ గుడ్డకి జలుబు చేసిందా వదినా?"

"అది కాదు..."

"నిన్న కొమరవోలు నుంచి బేరం వచ్చింది. మీ గుమ్మం దాటి మా ఇంటికొచ్చారు. అందుకేనా?"

మాటలు విని సాంబశివుడు బయటికి వచ్చాడు. "నువ్వూరుకోవే. చెల్లెమ్మ అట్టాంటిది కాదు. ఏందమ్మా, ఏం బాగాలేదు మా గుడ్డ?"

"బాగాలేదన్నా. పిల్లకి వద్దు. నా మాట విను."

"ఎందుకో చెప్పు. ఇప్పుడే తీసేస్తా."

తులశమ్మ నోరు తెరిచింది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. భర్త ముఖం గుర్తొచ్చింది. సోమవారం ఎంతో దూరం లేదనీ అనిపించింది. "చెప్పకూడదు" అంది.

సాంబశివుడు మెల్లగా నవ్వాడు. "చివరి నీళ్ళా? చెప్పబాకమ్మా, నేనడగను. మాకూ ఉన్నాయి. మా తాత నాటివి. ఆ నీళ్ళకి నలభై ఏళ్ళ కిందటి చీర ఇప్పటికీ వెలవలేదు, ఆ పెట్టెలో ఉంది. మనవరాలికి తక్కువ చేస్తానా?" లోపలికి వెళ్ళి ఆ గుడ్డ కొస ఆమె చేతికి అందించాడు. "ఏదీ, చూడు. వెచ్చగా లేదూ?"

వెచ్చగానే ఉంది. సులోచన ఊపిరి అందులో మెత్తగా ఆడుతోంది. తులశమ్మకు గుండెలో ఉన్న నమ్మకానికి చేతిలో రుజువు లేదు.

"ఇంకా ఉతుకులు పడలేదన్నా" అని మాత్రం అనగలిగింది.

"నువ్వు భయపడబాక. మీ పిల్లాడు పోయినట్టు పిల్లలందరూ పోరు" అంది తాయారమ్మ. తులశమ్మ కొడుకును గుర్తుచేస్తున్నానని అనేశాక గాని ఆమెకు తట్టలేదు. ముఖం అటు తిప్పుకుంది.

తెచ్చిన గుడ్డను తులశమ్మ తిన్నె మీద పెట్టి వచ్చేసింది. సాయంత్రానికి అది పళ్ళెంలో పసుపూ కుంకుమా తాంబూలంతో సహా తిరిగివచ్చింది. ఉత్తచేతులతో తిప్పి పంపడం మర్యాద కాదని.

ఆ రాత్రి ఆమె బసవయ్యకు అన్నం వడ్డించి పక్కన కూర్చుంది. అతనే, "చెప్పావా?" అని అడిగాడు.

"వద్దని చెప్పా. ఎందుకో చెప్పలా. ఎందుకో చెప్పకపోతే అది అసూయ మాటలాగే ఉంటదయ్యా" అంది.

*

శనివారం పొద్దున్నే పక్కింట్లోంచి ఏడుపు వినబడింది.

పిల్ల ఊయలలో ఉంది. గుడ్డ చుట్టినట్టే ఉంది. ఒక్క మడత కూడా చెదరలేదు. ముందురోజు సులోచన దాన్ని మళ్ళీ ఉతికి ఆరేసి చుట్టిందట. పొద్దున పాలకు లేపబోతే పిల్ల లేవలేదు. గుడ్డ రాయిలాగా చల్లగా ఉంది.

బసవయ్య గుమ్మం దాకా వెళ్ళి లోపలికి అడుగు పెట్టలేక నిలబడిపోయాడు. సాంబశివుడే వచ్చి అతని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకువెళ్ళాడు.

"చెల్లెమ్మ చెప్పిందిరా. నేనే వినలా" అన్నాడు.

ఆ మాటకు బదులు చెప్పాలంటే ఏం చెప్పాలో బసవయ్యకు తెలుసు. అది చెప్పకుండానే ఊయల దగ్గరికి నడిచాడు. పిల్లను తీసుకుపోయేటప్పుడు చేతులమీద మోసినవాళ్ళలో అతనూ ఉన్నాడు. తిరిగివచ్చి పాకలో ఖాళీ తొట్టి అంచున కూర్చుని, మళ్ళీ లేవలేదు.

మధ్యాహ్నం తులశమ్మ నళినికి ఫోను చేసింది. సంగతి చెప్పింది.

"పేటలో ఇంకా ఎన్ని ఇళ్ళలో పిల్లలకి ఆ గుడ్డలున్నాయి పిన్నీ?"

"నాకు తెలిసి ముగ్గురు. బయటికి పోయినవి ఎన్నో, ఎవరు చెప్పగలరు?"

"ఎల్లుండి సోమవారం. ఒక్క రెండు రోజులు. ఇప్పుడు బయటపడితే ఇక ఏ కాగితమూ నిలవదు. బాబాయికి ఏమీ మిగలదు. రేపు పెద్ద మిల్లులవాళ్ళు చేసినా అడిగే హక్కు ఉండదు. చెప్పొద్దని నేను అనలేను పిన్నీ. చెప్పమని కూడా నా నోటితో అనలేకపోతున్నాను."

"నువ్వనక్కర్లేదమ్మాయ్" అని తులశమ్మ ఫోను పెట్టేసింది.

పాకలోకి వెళ్ళి భర్త ఎదుట నిలబడింది. "మీ నాయన కొడుక్కి చెప్పమన్నాడు. మనకి కొడుకు లేడు. ఉన్న ఒక్కడూ చలికి పోయాడు. ఇది ఇంకెవరికి దాస్తావు?"

బసవయ్య తల ఎత్తలేదు. వద్దని కూడా అనలేదు.

*

చావు ఇంటికి ఎవరూ ఏమీ తీసుకుపోకూడదంటారు. తులశమ్మ తరవాణి కుండ చంకన పెట్టుకుని వెళ్ళింది. వాకిట్లో పేట ఆడవాళ్ళంతా ఉన్నారు. కుండ దించి, కొంగు దోపుకుని, అందరికీ వినబడేట్టు చెప్పింది.

"మా ఇంటి చివరి నీళ్ళు ఇవి. తరవాణి తేట. నూలు దింపాక ఒక రాత్రంతా నానాలి. ఇది లేకపోతే ఒడిగుడ్డ పిల్ల వేడి లాగేసుకుంటది. పటిక చాలదు, సున్నం చాలదు. మీ ఇళ్ళలో ఉన్న గుడ్డలు తెండి. నేసేసినదాన్ని ఒకసారి ముంచినా పనిచేస్తది, చూపిస్తా."

ఒక్కరూ కదల్లేదు. చివరి నీళ్ళు నలుగురిలో పైకి చెప్పగా ఆ పేటలో ఎవరూ విననే లేదు. కొందరు చెవులు కప్పుకోబోయినట్టు చేతులు లేపి, దించారు. ఆ తర్వాత పసిపిల్లలున్న ఇళ్ళవాళ్ళు పరిగెత్తారు.

తాయారమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. "అప్పుడే చెప్పుంటే" అంది. గట్టిగా కూడా అనలేదు.

"అవును వదినా" అంది తులశమ్మ.

ఆ మాట ఆ సాయంత్రానికే పేట దాటింది. సోమవారం డైరెక్టరు సంతకం పెట్టవలసిన కాగితంతో ఇక పని లేకుండా పోయింది. ఆ ఉప్పునూ ఆ పులుపునూ తర్వాత ఎవరెవరో వాడుకున్నారు, అడగడానికి మాత్రం ఎవరూ బసవయ్య గుమ్మం తొక్కలేదు. నళిని మాత్రం ఒకటి సాధించింది. ఒడిగుడ్డ అన్న పేరునూ ఊయల బొమ్మనూ పేట సంఘం పేరు మీద గుర్తుగా చేయించింది. గుడ్డ ఎవరైనా చేసుకోవచ్చు. చివరి నీళ్ళు పట్టించి, ఉతుకులకు నిలిచినదాన్ని తప్ప ఆ పేరుతో అమ్మకూడదు. నిలిచిందో లేదో చూసి ముద్ర వేసే పని సాంబశివుడిది. అతనే అడిగి తీసుకున్నాడు. బసవయ్య ఆ పాకలో మళ్ళీ నూలు దింపలేదు. భార్య మీద కోపం కాదు, అతని చేతులు ఆ తొట్టిలోకి పోలేదు.

అదంతా తర్వాతి సంగతి. ఆ రోజు వాకిట్లో పిల్లల గుడ్డలు ఒక్కొక్కటే తరవాణిలో మునిగి లేచాయి. అందరూ తమ తమ గుడ్డలు పిండుకుని వెళ్ళాక, సులోచన లోపలినుంచి వచ్చింది. ఆమె చేతిలో పిల్ల గుడ్డ ఉంది. పిల్లతోపాటు పంపమని ఎంతమంది చెప్పినా ఇవ్వలేదట. వచ్చి, ఎవరినీ అడక్కుండా, కుండలో ముంచింది.

తులశమ్మ ఆపబోయి ఆగింది. ఆ గుడ్డ లోపల ఇంకా చిక్కుకుని ఉన్నదేమిటో ఆమెకు అప్పుడే తట్టింది. తీసుకున్న వేడంతా లోపలే పెట్టుకుని కూర్చుంటుందని నళిని చెప్పింది గదా.

సులోచన గుడ్డను పైకి తీసింది. కాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత నీళ్ళు ఓడుతున్న గుడ్డ నడిమధ్యన, అరచేయంత మేర వెచ్చబడింది. అది పెద్దవాళ్ళ ఊపిరి కాదు. చిన్నదీ, వేగమైనదీ. గబగబా ఆడుతోంది. సులోచన దాన్ని రొమ్ముకు అదుముకుంది. రవికె తడిసిపోయింది. తాయారమ్మ లేచి వచ్చి తన చెయ్యి కూడా దాని మీద పెట్టింది. వాళ్ళు ఏడవలేదు. ఆ కొంచెం వెచ్చదనం చెదిరిపోతుందేమోనని కదలకుండా నిలబడ్డారు.

కాసేపటికి అది తగ్గింది. ఇంకాసేపటికి గుడ్డ మామూలు తడిగుడ్డ అయింది.

"అత్తా, రేపు ఎండలో పెడితే మళ్ళీ వస్తదా?" అని తులశమ్మను అడిగింది సులోచన.

వస్తుందని తులశమ్మకు తెలుసు. ఇప్పుడది సరైన గుడ్డ. ఎండ తగిలిన ప్రతిరోజూ వస్తుంది, ఆ పిల్ల దగ్గర నేర్చుకున్నట్టే, ఏళ్ళ తరబడి. రాదని చెబితే బాగుండునేమో అనుకుంది. ఆ ఇంట్లో ఇంకొకటి దాచే శక్తి ఆమెకు లేదు.

"వస్తదమ్మా" అంది.

సాంబశివుడు అరుగు మీదినుంచి లేచాడు. పెరట్లోకి వెళ్ళి, తూర్పు గోడ పక్కన పొద్దుటి ఎండ ముందుగా పడే చోట, దండెం మీద ఆరవేసిన నూలు చిలపలన్నీ ఒక్కొక్కటే తీసి భుజాన వేసుకుని, ఆ దండెమంతా ఖాళీ చేశాడు.

*

గోలి ఆదిశేషమ్మ
వయసు డెబ్బై ఒకటి
ప్రస్తుతం ఉంటున్నది: బాపట్లలో, చెల్లెలి ఇంట్లో